ఏటియొడ్డు చదువు

పాఠశాలలో గంగా యమునల పేరులు తడుముకొనక చెప్పు బాలిక, తన యూరి ప్రక్క వాగున పారు నీరు ఎచ్చటికి పోవునో చెప్పలేక నిలిచిపోవుట మనలో చాలమంది తల్లులు చూచియే యుందురు. దోషము బాలికది కాదు. ఆమెకు నదిని పటముపై నీలిగీతగా చూపితిమి గాని, ఒడ్డున నిలువబెట్టి చూపలేదు. వంట పుస్తకము చదివినంత మాత్రమున పాకము కుదురనట్లే, భూగోళ పుస్తకము చదివినంత మాత్రమున ఏరు అర్థము కాదు. అందుచేత విద్యార్థులను ఒక దినము ఏటికి గొనిపోయి ప్రకృతి పాఠము చెప్పు పద్ధతి పెక్కు దేశములలో నెలకొన్నది. ఆ దినమున బిడ్డలు ఏమి నేర్తురు? తల్లి వారిని పంపవచ్చునా? పంపుటకు ముందు ఏమేమి అడిగి తెలిసికొనవలెను? కుమారుని పంపి కూతును ఇంట నిలుపుట న్యాయమేనా? ఈ ప్రశ్నలను సోదరీమణులతో కలిసి విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

దృష్టాంతముగా బొంరాస్‌పేటను తీసికొందము. ఇది పరిగి, కొడంగల్ పట్టణముల నడుమ నున్న మండల కేంద్రము. 2016వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, అప్పుడు వికారాబాదు జిల్లాలో చేరినది. దీనికి ఉత్తరమున అనంతగిరి గుట్టలు కలవు. అనంతపద్మనాభస్వామి వెలసిన ఆ గుట్టలు యాత్రాస్థలముగా మనకు పరిచితములే. అయితే ఆ గుట్టలు నిత్యము చేయు గొప్ప పని మరియొకటి కలదు. తమపై బడిన వానను అవి రెండు దిక్కులకు పంచి యిచ్చును. తూర్పునకు పోవు నీరు మూసీ యగును. పడమటికి పోవు నీరు కాగ్నా యగును.

ఒక తల్లి తన యిద్దరు కూతులను రెండు దూరదేశముల కిచ్చినట్లున్నది ఈ కథ. ముచికుందుని పేర ముచికుందానది యని కూడ పిలువబడు మూసీ, హైదరాబాదు నగరము నడుమగా పోయి నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కాగ్నా తాండూరు ప్రక్కగా సాగి, కర్ణాటకమున ప్రవేశించి, ఒకనాడు రాష్ట్రకూట చక్రవర్తుల రాజధానియైన మాన్యఖేటమును, అనగా నేటి మాల్ఖేడ్ గ్రామమును ఒరసికొని పోయి భీమానదిని చేరును. ఆ భీమ కూడ తుదకు కృష్ణనే చేరును. వేర్వేరు ఇండ్లు మెట్టిన అక్కచెల్లెండ్రు పుష్కరస్నానమునకు వచ్చి కలిసికొన్నట్లు, ఒకే గుట్టపై విడిపోయిన వానచినుకులు కృష్ణలో మరల కలిసికొనును. కొడంగల్, బొంరాస్‌పేట వైపు వాగుల నీరు ఈ పడమటి కుటుంబమునకు చెందినదే. ఈ సంగతి తెలిసిన నాడు ఆ యూరి బాలికకు తన పెరటి వాన మాన్యఖేటపు కోటగోడలను చూచి పోవునని తెలియును. అప్పుడు భూగోళమును చరిత్రయు ఒక్క పాఠమే యగును.

ఇది తెలిసినందువలన ప్రయోజనమేమి యని కొందరడుగవచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమున వేలాది ప్రాణములను బలిగొనెను. తరువాత ఉస్మానియా ఆసుపత్రి కట్టబడిన చోట నున్న ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ విపత్తు పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చేసిన సూచనలననుసరించి వరదను ఆపుటకు జలాశయములు నిర్మింపబడెను. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఎగువ గుట్టలపై వానకును దిగువ వీధిలోని వరదకును సంబంధమెట్టిదో ఎరిగినవారే ఏటిని దారికి తెచ్చుకొనగలరు. ఎరుగనివారు ఏటి దారిలోనే ఇండ్లు కట్టుకొందురు.

ఇక ఏటియొడ్డున బిడ్డలు నేర్చునదేమో చూతము. మొదటి గురువు రాయి. తాండూరు ప్రాంతమున నేలలోనుండి తీయు నాపరాళ్లు మనలో ఎందరి ఇండ్లలోనో పరచియున్నవి. ఏటిగట్టు కోసుకొనిపోయిన చోట ఆ రాయి దోసెలు దొంతి పెట్టినట్లు పొరలు పొరలుగా కనబడును. అది సున్నపురాయి. మానవుడు పుట్టుటకు ఎన్నో కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ నేల సముద్రపు అడుగున నున్నప్పుడు మెత్తని సున్నపు బురద పొరపొరగా దిగి గట్టిపడగా ఏర్పడినది. ఆ రాతిని గీకి, ఆ పొడిపై నిమ్మరసము పిండినచో చిన్న బుడగలు లేచును. పులుపునకు సున్నము కరగుటయే దానికి కారణము. బండల నేలపై చింతపులుసు ఒలికినచో తుడిచినను మచ్చ నిలుచుట ప్రతి గృహిణికి తెలిసినదే. వంటయింటి మచ్చకును సముద్రపు అడుగునకును ఉన్న చుట్టరికమును బాలిక ఏటియొడ్డున కనుగొనును. ఆ సున్నపురాతిపై సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనులో పొంగిన లావా అక్కడక్కడ కప్పుకొనెను. ఆ నల్లరాయి చివికి నల్లరేగడి యయ్యెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఆ నల్లరేగడి నేలలలో పండునదే. మన పప్పుగిన్నెలోనికి ఆ పురాతనపు అగ్ని ఈ విధముగా వచ్చి చేరినది.

రెండవ పాఠము లెక్క. ఏరు పలుచగా పారు చోట ఒడ్డున 10 మీటర్లు కొలిచి, ఎగువ కొసన ఒక నారింజపండును విడిచి, అది దిగువ కొసకు చేరుటకు ఎన్ని సెకనులు పట్టినదో చూడవలెను. 20 సెకనులు పట్టినచో నీటి వేగము సెకనుకు అర మీటరు. పైనీటి కంటె అడుగునీరు మెల్లగా పారును గనుక అందులో అయిదింట నాలుగు వంతులు, అనగా 0.4 మీటరు, సరియైన వేగముగా తీసికొందురు. ఏటి వెడల్పు 8 మీటర్లు, సరాసరి లోతు పావు మీటరు అయినచో, వెడల్పును లోతును వేగమును హెచ్చవేయగా సెకనుకు 800 లీటర్లు వచ్చును. 16 లీటర్ల బిందెలతో లెక్కించినచో, రెప్పపాటు కాలమున 50 బిందెలు మన ముందర దాటిపోవుచున్నవన్నమాట. అదే చోట మాఘమున నొకసారి, చైత్రమున నొకసారి కొలిచిన బాలికకు నీటికొరత యనగా నేమో ఎవరును చెప్పనక్కరలేదు.

మూడవ పాఠము రాళ్ల క్రింద నున్నది. మోకాలు దాటని నీటిలో ఒక గుండ్రాయిని మెల్లగా తిప్పి చూచినచో దాని అడుగున చిన్న ప్రాణులు కనబడును. మూడు తోకలు గల ఒక పురుగు కలదు. అది రెక్కలు వచ్చి గాలిలోనికి లేచిన పిమ్మట ఒకటి రెండు దినములకంటె బ్రతుకదు, ఏమియు తినదు. నీటిలో మాత్రము నెలలకొలది పెరుగును. నీరు నిర్మలమైనచోటనే అది యుండును. తూనీగ పిల్లలును నీటిలోనే పెరిగి, దోమ పిల్లలను వేటాడి తినును. మురుగు చేరిన చోట ఇవి మాయమై, బురదలో ఎర్రని సన్నపురుగులు మిగులును. వాటి ఎరుపునకు కారణము మన రక్తమునందుండు పదార్థమువంటిదే. ప్రాణవాయువు తక్కువైన నీటిలో కూడ బ్రతుకుటకు అది వాటికి తోడ్పడును. కావున ఏ పరికరమును లేకయే, ఏ పురుగున్నదో చూచి నీటి ఆరోగ్యమును చెప్పవచ్చును. వైద్యుడు నాలుక చూచి జబ్బు చెప్పినట్టిదే ఈ విద్య. చూచిన పిమ్మట రాతిని ఎట్లున్నదట్లే పెట్టుట కూడ పాఠములో భాగము. అది వారి యిల్లు.

గట్టున నున్న చెట్లు ఊరక నిలువలేదు. తెల్లమద్ది, నేరేడు, కానుగ వేళ్లతో గట్టును పట్టి యుంచును. నీడతో నీటిని చల్లబరచును. చల్లని నీటిలో ప్రాణవాయువు హెచ్చుగా ఇమిడియుండును. 20 డిగ్రీల వేడియందు లీటరు నీటిలో సుమారు 9 మిల్లిగ్రాములు ఇముడగా, 30 డిగ్రీలయందు ఏడున్నర మాత్రమే ఇముడును. చెట్టు కొట్టినచో చేపకు ఊపిరి తగ్గుట ఇట్లు. మన తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన కొరమీను నీటిపైకి వచ్చి గాలిని కూడ పీల్చుకొనగలదు గనుక, ఎండిన వాగు బురదలోను కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. పిల్లలు ఎదుగువరకు వాటి ప్రక్కనే యుండి కాపాడును. నీటిపై వ్రేలాడు కొమ్మకు గిజిగాడు గూడు అల్లును. మగపిట్ట గూడు కట్టును. ఆడుపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చినగాని కాపురమునకు రాదు. దీనిని చూచి మన బాలికలు నవ్వినను నవ్వుదురు, ఆలోచించినను ఆలోచింతురు.

ఈ పాఠములన్నిటికంటె గొప్పది ఇసుక పాఠము. ఇది ఉపాధ్యాయునికంటె అవ్వకే బాగుగా తెలియును. ఎండకాలమున పైకి ఎండినట్లు కనబడు ఏటిలో చేతులతో ఇసుక తోడి, చెలిమ తీసి, ఊరిన తేటనీటిని గిన్నెతో బిందెకెత్తుకొని వచ్చిన స్త్రీలు మన పల్లెలలో ఇప్పటికిని కలరు. ఇసుక యనునది పనికిమాలిన పొడి కాదు. అది వాననీటిని దాచి, వడపోసి, ప్రక్కనున్న బావులకు మెల్లమెల్లగా పంచు గాదె. ఇండ్లు కట్టుటకని బండ్లకొలది ఇసుకను ఎత్తుకొనిపోయినచో చెలిమ పోవును, పిమ్మట బావి దిగిపోవును, పిమ్మట బిందె మోయు దూరము పెరుగును. ఆ దూరము నడచునది ఎవరో సోదరీమణులకు చెప్పవలసిన పని లేదు. కావున ఏటి పర్యటనకు పాఠశాలవారు ఊరి పెద్దముత్తైదువ నొకతెను వెంట గొనిపోయి, ఆమెచేత చెలిమ తీయించి చూపింపవలెను. అవ్వ తెలివియు పుస్తకపు లెక్కయు ఒక్క చోట కలిసిననాడే ఈ విద్య పూర్ణమగును.

ఏటినుండి ఇంటికి వచ్చిన బాలిక ఇల్లే ఏటికి మొదలని కూడ గ్రహించును. బట్టల సబ్బుపొడులలో కొన్నిట ఫాస్ఫేటు ఉండును. పొలమున మితిమీరి చల్లిన ఎరువు వానకు కొట్టుకొనివచ్చును. ఈ రెండును నీటిలో చేరినచో పాచికి మంచి ఆహారము దొరికి చెరువంతయు పచ్చగా కప్పుకొనును. ఆ పాచి చచ్చి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలు తేలును. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క ఇట్టి నీటిలోనే దట్టముగా పెరుగును. బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలను పేర్చి ఆడి పాడి నీటిలో విడుచు మన యాచారమున నీటికి కీడు లేదు. పూవు నీటిలో కరగి ప్రాణులకు ఆహారమగును. ఆ పూలతో పాటు ప్లాస్టిక్ సంచియు, రంగు కాగితమును విడిచినచో పండుగ నీటికి బరువగును. గట్టుమీద గునుగు ఎందుకు తగ్గుచున్నది, కలుపు మందు చల్లిన చేను గట్టున ఏమి మిగిలినది అని బాలిక అడిగినచో, ఆ ప్రశ్నకు ఇంటిల్లపాదియు జవాబు చెప్పవలసియుండును.

ఈ విద్య వినోదము మాత్రమే కాదు, చట్టసమ్మతమైన విధి కూడ. 1976వ సంవత్సరపు 42వ సవరణ ద్వారా, అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడుట ప్రతి పౌరుని కర్తవ్యముగా మన రాజ్యాంగమున చేర్చబడెను. పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పనిసరిగా బోధింపవలెనని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తరగతివారీగా పాఠ్యప్రణాళిక సిద్ధము చేయుమని 2003లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలిని ఆదేశించెను. ఆ పాఠము పుస్తకపు పుటలలోనే ముగియునా, వాగు గట్టుదాక నడచునా యన్నది బడియును తల్లిదండ్రులును కలిసి తేల్చవలసిన విషయము.

తల్లి తలచుకొన్నచో ఏమగునో తెలియుటకు దూరదేశపు కథ యొకటి చెప్పవచ్చును. అమెరికాలో అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ అను విదుషీమణి బడులలో ప్రకృతి పరిశీలన బోధించుటకై 1911లో ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. ఆ ఉద్యమపు ప్రభావమున మరియా అను ఒక గృహిణి, పూర్వము ఉపాధ్యాయిని, పెన్సిల్వేనియా రాష్ట్రమున తన చిన్నకూతును వెంటబెట్టుకొని తోటలు, అడవులు, నీటిగట్లు తిరిగి పిట్టల పేరులు, పురుగుల నడతలు చెప్పెడిది. 1907లో పుట్టిన ఆ కూతురే రేచెల్ కార్సన్. పురుగుమందుల వలన పిట్టలు చచ్చి వసంతము మూగపోవునని హెచ్చరించుచు ఆమె 1962లో వ్రాసిన గ్రంథము లోకమును మేలుకొలిపెను. 1972లో డి.డి.టి. మందును ఆ దేశపు సేద్యమున నిషేధించిరి. ఆ గ్రంథమునకు మొదటి పాఠశాల తల్లి చేయి పట్టుకొని నడచిన తోటదారి.

ఇక భయము సంగతి. తల్లులు నీటికి భయపడుట అవివేకము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. 2014వ సంవత్సరము జూన్ 8వ తేదీన విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ప్రాంతపు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, హిమాచల ప్రదేశపు మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకొనిపోయిరి. ఎగువ జలాశయమునుండి నీరు విడువబడగా, పలుచగా నున్న ఏరు కొద్ది నిమిషములలో వెల్లువయ్యెను. ఆ తల్లుల దుఃఖము తలచుకొన్న హృదయము ద్రవింపకపోదు. అయినను ఆ దుర్ఘటన నేర్పు పాఠము ఏటికి పోవలదని కాదు. ఏటిని ఎరుగక పోవలదని. ఎగువ ఆనకట్ట యున్నదా, అచ్చట వాన కురిసినదా యని ముందుగా విచారించుటయే ఏటి పాఠములలో మొదటి పాఠము.

కావున అనుమతి పత్రముపై వ్రాలు చేయుటకు ముందు తల్లి కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఏ నెలలో పోవుచున్నారు? వానకాలమున ఎంతమాత్రమును కూడదు. మార్గశిర పుష్య మాసములు మేలు. చోటును ఉపాధ్యాయులు ముందుగా పోయి చూచివచ్చిరా? ఇసుక తీసిన చోట్ల పైకి కనబడని గోతులుండును గనుక, ఆ యూరివారి నొకరిని తోడు తీసికొనవలెను. పిల్లలను చిన్న జట్లుగా విడదీసి, జట్టునకొక పెద్దవారిని ఉంచుచున్నారా? ఈతలు, స్నానములు లేవని స్పష్టముగా చెప్పిరా? త్రాడు, మందుల పెట్టె, త్రాగునీరు, కాలికి గట్టి చెప్పులు ఉన్నవా? ఎన్ని గంటలకు తిరిగివత్తురు? ఇట్లడుగు తల్లిని ఏ మంచి ఉపాధ్యాయుడును తప్పుపట్టడు. ఆమెవలన ఆయన బరువు సగము తగ్గును.

ఈ జాగ్రత్తలన్నియు కుదిరిన పిమ్మట కూడ, తమ్ముడు వెళ్లవచ్చును గాని అక్క ఇంట నుండవలెననుట మన యిండ్లలో తరచు జరుగుచున్నది. ఎండకు నల్లబడుననియు, మగపిల్లలతో ఏల యనియు, ఎదిగినపిల్ల యనియు కారణములు చెప్పుదురు. సోదరీమణులారా! బిందె మోయునది ఎవరు? బట్టలు ఉతుకునది, ఏ సబ్బు కొనవలెనో తేల్చునది, బతుకమ్మ పేర్చునది, బిడ్డకు కాచిన నీరు పోయునది ఎవరు? నీటితో జీవితాంతము కాపురము చేయవలసిన బాలికను నీటిని తెలిసికొను దినమున ఇంట కూర్చుండబెట్టుట, వంట చేయవలసినదానిని వంటయింటి గడప త్రొక్కవలదన్నట్లున్నది. తోడుగా ఉపాధ్యాయిని వచ్చుచున్నదా, ఆడపిల్లలకు మరుగుదొడ్డి సౌకర్యము దారిలో ఎచ్చట కలదు, నెలసరి దినములైనచో ఏర్పాటేమి యని అడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలసినదేమియు లేదు. వీలైనచో మీరే ఒకరిద్దరు తల్లులు వెంట వెళ్లుడు. చూచి రండు.

బిడ్డలు తిరిగివచ్చిన రాత్రి అలసట పేర నిద్రపుచ్చక, ఒక్క గడియ కూర్చుండబెట్టి చూచినది చెప్పించుకొనుడు. ఒక నోటుపుస్తకము ఇచ్చి తేది, నీటి వేగము, కనబడిన పురుగులు, పిట్టలు, చెట్లు వ్రాయింపుడు. మూడు నెలల పిమ్మట అదే చోటికి మరల పోయివచ్చి వ్రాసినచో, ఆ పుస్తకము ఆ యూరి వాగునకు జాతకమగును. దానిని గ్రామసభలో చదివి వినిపించుటకు పదమూడేండ్ల బాలికయైనను చాలును. ఇసుక ఎక్కడ తగ్గినదో, పాచి ఎక్కడ పెరిగినదో ఆమె తేదీలతో చెప్పగలదు.

నది దాటిపోవుట క్షణములో జరుగును. నదిని తెలిసికొనుటకు మాత్రము కొన్ని యేండ్లు పట్టును. ఆ పని మన బిడ్డల బాల్యముననే మొదలు కావలెను. రాబోవు మార్గశిరమున బడినుండి అట్టి పిలుపు వచ్చినచో, అడుగవలసినవన్నియు అడిగి, తినుటకు మూట కట్టి, కుమారునితో పాటు కూతును కూడ పంపవలసినదిగా మా సోదరీమణులకు మనవి.